మరిచిపోయిన మూడో మాట

కనకమామిడి స్టేజీ దగ్గర తెల్లవారుజామున నిలబడితే రెండు ప్రయాణాలు కనబడతాయి. చామంతి, గులాబీ మూటలు వేసుకున్న ట్రాలీ ఆటోలు గుడిమల్కాపూర్ మార్కెట్ దిక్కు పోతుంటాయి. సంచులు భుజాన వేసుకున్న పిల్లలు మెహిదీపట్నం బస్సు కోసం చూస్తుంటారు. 2023 డిసెంబరు 9 నుంచి ఆడపిల్లలకు ఆ బస్సులో టికెట్ లేదు. పూలు అమ్మి చదివించే తల్లిదండ్రులకు అది చిన్న సాయమేమీ కాదు. ఆ పిల్ల డిగ్రీ అయ్యాక పీజీలో చేరుతుంది. వృక్షశాస్త్రమో, రసాయనశాస్త్రమో, తెలుగో చదువుతూ ఉస్మానియా దాకా పోతుంది. సెట్ రాస్తుంది, నెట్ రాస్తుంది. అక్కడి దాకా బస్సు తీసుకుపోగలదు. ఆ తరువాత ఆమె కూర్చోవలసిన కుర్చీని మాత్రం వరుసగా వచ్చిన ప్రభుత్వాలన్నీ కలిసి పదేళ్లకు పైగా ఖాళీగా ఉంచాయి.

కనకమామిడి ఉన్న మొయినాబాద్ మండలంలోనే చిలుకూరు ఉంది. బాలాజీ గుడి చుట్టూ పదకొండు ప్రదక్షిణలు చేసి మొక్కుకుని, వీసా వచ్చాక నూట ఎనిమిది చుట్లు తిరిగి మొక్కు తీర్చుకునే యువతీయువకులను ఈ ప్రాంతం ముప్పై ఏళ్లుగా చూస్తోంది. వాళ్ల భక్తిని గానీ ఆశను గానీ తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. అమెరికా విశ్వవిద్యాలయంలో రీసెర్చ్ అసిస్టెంట్‌గా చేరితే ఫీజు మాఫీ అవుతుంది, నెలకు స్టైపెండ్ వస్తుంది, ల్యాబ్‌లో చేతినిండా పని ఉంటుంది. ఆ మాత్రం ఏర్పాటు సొంత రాష్ట్రంలో దొరకనప్పుడు పిల్లలు సముద్రాలు దాటుతారు. ఇప్పుడు ఆ దారీ ఇరుకైంది. 2025 ఫిబ్రవరిలో అమెరికా ప్రభుత్వం వైద్య పరిశోధన గ్రాంట్ల నిర్వహణ ఖర్చులకు 15 శాతం పరిమితి విధించబోతే అక్కడి కోర్టులు అడ్డుపడవలసి వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో కొత్త హెచ్‌-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. బయటి తలుపు మూసుకుంటున్న ఈ సమయంలోనైనా ఇంటి తలుపు తెరిచి ఉండాలి కదా. అది ఎప్పటి నుంచో గొళ్లెం పెట్టే ఉంది.

నీళ్లు, నిధులు, నియామకాలు. ఈ మూడు మాటల మీదే తెలంగాణ వచ్చింది. ఆ మాటలను వీధిలోకి తెచ్చిన వాళ్లలో ముందు వరుస 1969లో ఉస్మానియా విద్యార్థులది, 2009 చలికాలంలో ఉస్మానియా, కాకతీయ విద్యార్థులది. ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద దెబ్బలు తిన్నది వాళ్లు, కేసులు మోసింది వాళ్లు. 2014 జూన్ 2న రాష్ట్రం ఏర్పడింది. నీళ్ల పేరుతో ప్రాజెక్టులు కట్టారు, వాటి మంచిచెడ్డల మీద ఇప్పటికీ విచారణలు నడుస్తున్నాయి. నిధుల లెక్కలు ప్రతి బడ్జెట్‌లో వింటున్నాం. మూడో మాటను, అది పుట్టిన చోటే పాతిపెట్టారు. 1918లో మొదలై దేశభాషలో ఉన్నత విద్య చెప్పి చూపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో, రాష్ట్రం వచ్చాక పదేళ్లు దాటినా అధ్యాపకుల రెగ్యులర్ నియామకం జరగలేదు. ఇది ఈ సంపాదకీయం మోపుతున్న మొదటి అభియోగం. దీనికి ఒక పార్టీ, ఒక ముఖ్యమంత్రి, ఒక గవర్నర్ మాత్రమే జవాబుదారీ అనడం లేదు. అధికారంలో కూర్చున్న ప్రతి ఒక్కరూ తమ వంతు వాయిదా వేశారు.

రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో మంజూరైన బోధన పోస్టులు 2,800కు పైగా ఉన్నాయి. అందులో దాదాపు రెండు వేలు ఖాళీ. నలుగురు ఉండవలసిన గదిలో ఒక్కరే ఉంటే ఆ ఒక్కరి మీద ఎంత బరువు పడుతుందో ఇల్లు నడిపే ఎవరినడిగినా చెబుతారు. ఈ పరిస్థితి ఒక్కరోజులో రాలేదు. 2017లో తొలి విడతగా 1,061 పోస్టుల భర్తీకి ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. రిజర్వేషన్ రోస్టర్‌కు విశ్వవిద్యాలయాన్ని యూనిట్‌గా తీసుకోవాలా, శాఖను తీసుకోవాలా అన్న వివాదంలో అప్పుడు దేశమే చిక్కుకుంది. కేంద్ర సంస్థల వరకు ఆ చిక్కును 2019లో పార్లమెంటు చట్టం చేసి విప్పింది. కేంద్ర విశ్వవిద్యాలయాలు నోటిఫికేషన్లు ఇచ్చుకున్నాయి, మనవి కదల్లేదు. కదిలించవలసిన వైస్ చాన్స్‌లర్లే అప్పుడు లేరు. 2019 జులైలో పదవీకాలాలు ముగిస్తే కొత్తవారిని నియమించింది 2021 మే 22న. దాదాపు రెండేళ్లు ఇన్‌చార్జిల పాలన. మళ్లీ 2024 మే 21న వాళ్ల గడువు ముగిసింది. అక్టోబరు 18 దాకా ఐఏఎస్ అధికారులే అదనపు బాధ్యతగా చూశారు. ఒక వైస్ చాన్స్‌లర్ ఏ రోజు దిగిపోతారో నియమించిన రోజే తెలుస్తుంది. ఆ రోజుకు వారసుడిని సిద్ధం చేసుకోలేని ప్రభుత్వం రెండు వేల మందిని ఎంపిక చేస్తుందని ఎలా నమ్మాలి?

మధ్యలో మరో మలుపు. 2022 మార్చి 9న శాసనసభలో 80,039 ఉద్యోగాల ప్రకటన వచ్చింది. విశ్వవిద్యాలయాలకు ఉమ్మడి నియామక బోర్డు అన్నారు. సెప్టెంబరులో బిల్లు సభ దాటింది. రాజ్‌భవన్‌కు సందేహాలు వచ్చాయి. మంత్రి వెళ్లి వివరణ ఇచ్చారు, ప్రభుత్వం సుప్రీంకోర్టుకు ఎక్కింది. 2023 ఏప్రిల్‌లో ఆ బిల్లును రాష్ట్రపతి పరిశీలనకు పంపేశారు. అప్పటి ప్రభుత్వానికీ రాజ్‌భవన్‌కూ మధ్య ఉన్న పంతం రాష్ట్రమంతా చూసింది. ఆ పంతానికి మూల్యం చెల్లించింది మాత్రం అందులో ఏ పాత్రా లేని పీహెచ్‌డీ పట్టాదారులు. నెట్ ముగించి ముప్పైలో అడుగుపెట్టినవాళ్లు నలభైకి చేరారు. 2025 ఏప్రిల్‌లో కొత్త ప్రభుత్వం 21వ నంబరు జీవో ఇచ్చి ఎంపికను మళ్లీ విశ్వవిద్యాలయాల చేతికే అప్పగించింది. చదువు, పరిశోధనలకు 50 మార్కులు, విషయ పరిజ్ఞానం, బోధనా నైపుణ్యాలకు 30, ఇంటర్వ్యూకు 20. ఇంత సూటిగా రాయడానికి ఎనిమిదేళ్లు ఎందుకు పట్టిందన్నదే అడగవలసిన ప్రశ్న. ఆ ఏడాది జనవరిలోనే ఆచార్యుల పదవీ విరమణ వయసును 60 నుంచి 65కు పెంచారు. ఉన్నవాళ్లు వెళ్లిపోతే శాఖలు మూతపడతాయన్న భయం అందులో ఉంది. అనుభవం నిలుపుకోవడం మంచిదే. వారసులను నియమించకుండా పెద్దలను ఆపడం మాత్రం పైకప్పు కురుస్తుంటే కింద గిన్నె పెట్టడం.

ఖాళీలంటే నిరుద్యోగుల బాధగా మాత్రమే చూడటం మన అలవాటు. అసలు నష్టం అంతకంటే లోతైనది. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పరిశోధనకు గైడ్‌గా ఉండవలసింది శాశ్వత అధ్యాపకులే. ప్రొఫెసర్ ఎనిమిది మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ ఆరుగురికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురికి మించి తీసుకోకూడదు. రిటైర్మెంట్‌కు మూడేళ్ల లోపు ఉన్నవాళ్లు కొత్త స్కాలర్లను చేర్చుకోకూడదు. కాంట్రాక్టు అధ్యాపకుడికి ఇరవై ఏళ్ల అనుభవమున్నా, మంచి పత్రాలు రాసినా గైడ్ కాలేడు. ఇప్పుడు లెక్క వేయండి. ఖాళీ కుర్చీకి నలుగురు చొప్పున, అతి తక్కువ లెక్కన చూసినా, రెండు వేల ఖాళీలు ఎనిమిది వేల పరిశోధక స్థానాలను మింగేశాయి. ఈ ఎనిమిది వేలలో మన పూల రైతు బిడ్డకు రావలసిన ఒక్క సీటు కూడా ఉంది. జేఆర్‌ఎఫ్ సాధించిన పిల్లకు 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ ఉంది. అది కేంద్రం ఇచ్చే డబ్బు, రాష్ట్ర ఖజానాకు పైసా భారం లేదు. ఆ డబ్బుతో వచ్చి చేరడానికి గైడ్ లేక ఆమె మరో రాష్ట్రానికి వెళ్లిపోతుంటే మనం దాన్ని పొదుపు అనుకుంటున్నాం.

పరిపాలన ఉద్యోగాల గురించి మాట్లాడేవాళ్లు ఇంకా తక్కువ. సభల్లో, పత్రికల్లో అధ్యాపకుల ఖాళీలే చర్చకు వస్తాయి. బోధనేతర సిబ్బంది అంటే ఫైళ్లు తొక్కిపెట్టేవాళ్లని ఒక చులకన భావం నాటుకుపోయింది. ఒక పరిశోధన ప్రాజెక్టు ఎలా నడుస్తుందో దగ్గరగా చూసినవాళ్లు అలా అనరు. ఢిల్లీ నుంచి గ్రాంటు మంజూరవుతుంది. దానికి ప్రత్యేక ఖాతా తెరవాలి, జేఆర్‌ఎఫ్ పోస్టుకు ప్రకటన ఇవ్వాలి, రసాయనాలకు కొటేషన్లు పిలవాలి, పరికరానికి టెండరు వేయాలి. వచ్చిన పరికరాన్ని స్టాకు రిజిస్టరుకు ఎక్కించాలి, ఏడాది చివర వినియోగ ధ్రువపత్రం పంపాలి. అది వెళ్లకపోతే రెండో విడత డబ్బు రాదు. ఇదంతా చేసేది సెక్షన్‌లో ఉండే సూపరింటెండెంటు, సీనియర్ అసిస్టెంటు, అకౌంట్స్ గుమస్తా. రిటైరైనవారి స్థానంలో కొత్తవారు రాక ఒక్కొక్కరు మూడు నాలుగు సీట్లు చూస్తున్నారు. మిగతా పని దినకూలీ లెక్కన పనిచేసే ఎన్‌ఎంఆర్‌లు, టైమ్‌స్కేల్ వాళ్లు, ఏజెన్సీ ద్వారా వచ్చిన ఔట్‌సోర్సింగ్ పిల్లల మీద పడింది. సంతకం చేసే అధికారం వాళ్లకు లేదు. వచ్చే నెల ఉంటారో లేదో వాళ్లకే తెలియదు. మార్చి 31 వస్తుంది, ఖర్చు కాని డబ్బు వెనక్కి పోతుంది. మన ప్రొఫెసర్లు పరిశోధన చేయడం లేదని అప్పుడు విమర్శిస్తాం.

అమెరికాలో, ఐరోపాలో పరిశోధన నిర్వహణ ఒక వృత్తి. గ్రాంటు దరఖాస్తు రాయడంలో సాయపడేవాళ్లు, లెక్కలు చూసేవాళ్లు, పేటెంట్ల సంగతి చూసేవాళ్లు, ల్యాబ్ పరికరాలను బాగు చేసే సాంకేతిక నిపుణులు వేర్వేరుగా ఉంటారు. చాలామంది పరిశోధన చదువు చదివి ఆ వైపు వచ్చినవాళ్లే. కేంద్రం 2023లో చట్టం చేసి అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్‌ను ఏర్పాటు చేసింది. ఆ నిధుల కోసం ఐఐటీలతో పోటీ పడాలి. ఐఐటీలో ఆ పని చూసే పూర్తిస్థాయి కార్యాలయం ఉంటుంది. పాలమూరులో, శాతవాహనలో తరగతి చెప్పి వచ్చిన అధ్యాపకుడే రాత్రి కూర్చుని దరఖాస్తు నింపాలి. కామర్స్, లైబ్రరీ సైన్స్, కంప్యూటర్లు చదివిన ఎంతమంది గ్రామీణ పిల్లలకు ఈ పనుల్లో గౌరవమైన జీవనోపాధి దొరకాలో ఎవరూ ఆలోచించడం లేదు. జూనియర్ అసిస్టెంటుగా చేరి డిప్యూటీ రిజిస్ట్రార్‌గా రిటైరైన తరం ఒకటి మన విశ్వవిద్యాలయాల్లో ఉండేది. ఆ నిచ్చెన మెట్లు విరగ్గొట్టి ఏజెన్సీలకు అప్పజెప్పారు. ఇది రెండో అభియోగం.

మళ్లీ మన రోడ్డు మీదికి వద్దాం. మొయినాబాద్, చేవెళ్ల చుట్టుపక్కల పాలీహౌస్‌లు విరివిగా వచ్చాయి. ప్రభుత్వం 75 శాతం రాయితీ ఇచ్చింది. ఆ ప్లాస్టిక్ గుడారాల కింద వాన పడదు, నేల కడిగినట్టు కాదు. ఏళ్ల తరబడి డ్రిప్పులో ఎరువులు పారితే ఉప్పు పేరుకుంటుంది, వేళ్లకు నులిపురుగు పడుతుంది. ఏ మందు ఎన్నాళ్లు పనిచేస్తుంది, మన ఎర్ర నేలల్లో ఏ పంట మార్పిడి నయం, అన్నది ఇక్కడి నేల మీదే ఏళ్లపాటు పరీక్షించి చెప్పాలి. హాలెండ్ నుంచి వచ్చిన పుస్తకంలో ఆ జవాబు ఉండదు. 1908 మూసీ వరదల తరువాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఈ మండలానికి రెండు పక్కలా ఉన్నాయి. 1996లో 111 జీవో పెట్టి ఈ పరీవాహకంలో నిర్మాణాలను కట్టడి చేశారు. 2022లో 69 జీవోతో ఆ ఆంక్షలు ఎత్తేస్తున్నామన్నారు. ఇక్కడ టవర్లు లేస్తే ఈసీ వాగు నీరు ఏమవుతుంది, బోరులో ఏ లోతున ఏముంటుంది, అని ఏటేటా కొలిచి బహిరంగంగా చెప్పవలసినవి విశ్వవిద్యాలయ భూగర్భ, పర్యావరణ, భూగోళ శాఖలు. కన్సల్టెన్సీ నివేదిక డబ్బిచ్చినవాడికి చెందుతుంది. విశ్వవిద్యాలయ పరిశోధన ఊరికి చెందుతుంది. ఆ శాఖల్లో మనుషుల్లేకుండా చేసి, ఈ ప్రాంత భవిష్యత్తును రియల్ ఎస్టేట్ బ్రోచర్లు రాసేలా వదిలేశారు.

జరగదని కాదు, జరిగిన ఉదాహరణ ఈ దగ్గరలోనే ఉంది. రాజేంద్రనగర్ వరి పరిశోధన కేంద్రంలో పుట్టిన ఆర్‌ఎన్‌ఆర్ 15048ను తెలంగాణ సోనా పేరుతో ఇవాళ లక్షల ఇళ్లలో వండుకుంటున్నారు. సన్న గింజ, తక్కువ రోజుల పంట, అగ్గితెగులును తట్టుకునే గుణం, చక్కెర వ్యాధి ఉన్నవాళ్లకు నయమన్న పేరు. ఒక వరి రకం బయటికి రావడానికి పదేళ్ల దాకా పడుతుంది. ఆ పదేళ్లూ ఎవరో ఒకరు ప్రతి కారుకు నారు పోయాలి, సంకరం చేయాలి, గింజ లెక్కించాలి, పుస్తకంలో రాయాలి. ఏడాది కాంట్రాక్టు మనిషితో అది కాదు. అదే రాజేంద్రనగర్‌లో వ్యవసాయ, ఉద్యాన విశ్వవిద్యాలయాల భూమి 100 ఎకరాలు హైకోర్టు భవనాలకు కేటాయించారు. విద్యార్థులు రోడ్డెక్కినా ఆగలేదు. 2025 వసంతంలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయాన్ని ఆనుకుని ఉన్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లోకి యంత్రాలు దిగాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమనే దాకా చెట్లు కూలుతూనే ఉన్నాయి. అక్కడి పక్షుల, జంతువుల వివరాలు నమోదు చేసి దేశం ముందు పెట్టింది విద్యార్థులు, పరిశోధకులే. విశ్వవిద్యాలయం అనగానే పాలకుల కంటికి ముందుగా ఆనేది భూమి అయినప్పుడు, అందులో ఉండవలసిన మనుషులు లెక్కలోకి రారు.

ఇక కాంట్రాక్టు అధ్యాపకుల మాట. వెయ్యి మందికి పైగా ఇవాళ ఈ విశ్వవిద్యాలయాలను నిలబెడుతున్నారు. పరీక్షలు పెట్టేది, పేపర్లు దిద్దేది, హాస్టళ్లు చూసేది వాళ్లే. 2023 ఏప్రిల్ 30న జూనియర్, డిగ్రీ కాలేజీల కాంట్రాక్టు లెక్చరర్లను క్రమబద్ధీకరించినప్పుడు వీళ్లను పక్కన పెట్టారు. 21వ జీవో రాగానే తమ ఇరవై ఏళ్లు గాలికి పోతాయని వాళ్లు ధర్నాకు దిగారు. వాళ్లను క్రమబద్ధీకరిస్తే తమకు పోస్టులే మిగలవని నెట్, పీహెచ్‌డీ పూర్తి చేసిన నిరుద్యోగులు భయపడుతున్నారు. ఇద్దరి భయమూ నిజమే. ఒకే ఇంట్లో అన్నదమ్ములను తగువులో దించి పంచాయతీకి రాకుండా తప్పించుకుంటున్న పెద్దమనిషి ప్రభుత్వం. సమాన పనికి సమాన వేతనం ఇవ్వాలని 2016లో పంజాబ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. గుజరాత్‌లో నెలకు 30,000 రూపాయలతో నెట్టుకొస్తున్న కాంట్రాక్టు అసిస్టెంట్ ప్రొఫెసర్ల కేసులో 2025 ఆగస్టులో మళ్లీ గట్టిగా చెప్పింది. ఈ పత్రిక అభిప్రాయం దాపరికం లేకుండా చెబుతాం. సర్వీసుకు మార్కుల్లో న్యాయమైన విలువ ఇవ్వాలి, వయసు అడ్డం రాకూడదు, ఎంపికయ్యే దాకా సమాన వేతనం అందాలి. పోస్టులు మాత్రం బహిరంగ నోటిఫికేషన్‌తో, రోస్టర్ పాటించి, అందరికీ తెలిసేలా నిండాలి. రోస్టర్ లేని దొడ్డిదారి నియామకాల్లో ముందుగా నష్టపోయేది దళిత, గిరిజన, వెనుకబడిన కులాల పిల్లలే. ఔట్‌సోర్సింగ్‌లో వాళ్లకు రిజర్వేషన్ హామీ ఎక్కడుంది?

కనకమామిడి రోడ్డుకు రెండు పక్కలా ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలు ఉన్నాయి కదా అనవచ్చు. అజీజ్‌నగర్ నుంచి చిలుకూరు, ఎన్కేపల్లి దాకా బస్సులన్నీ వాటి పేర్లే మోస్తున్నాయి. అక్కడ పనిచేసే అధ్యాపకుల జీతం ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల మీద ఆధారపడి ఉంది. ఆ బకాయిల కోసమే 2025 నవంబరు మొదటి వారంలో రాష్ట్రమంతా ప్రైవేటు కాలేజీలు మూతపడ్డాయి. జీతమే అందని చోట పరిశోధన ఎలా పుడుతుంది?

పొరుగున ఆంధ్రప్రదేశ్ పరిస్థితీ మెరుగ్గా లేదు. 2023 అక్టోబరులో అక్కడ 3,220 పోస్టులకు నోటిఫికేషన్లు వచ్చాయి. కోర్టు కేసులు, ప్రభుత్వ మార్పుల మధ్య అవీ ఆగిపోయాయి. రెండు రాష్ట్రాలూ పోటీ పడేది కొత్త విశ్వవిద్యాలయాల శంకుస్థాపనల్లో. మహిళా విశ్వవిద్యాలయం, నైపుణ్య విశ్వవిద్యాలయం, కొత్తగూడెంలో భూవిజ్ఞాన విశ్వవిద్యాలయం. ఆలోచనలు మంచివే. తెలంగాణ, మహాత్మాగాంధీ, పాలమూరు, శాతవాహన విశ్వవిద్యాలయాలు 2006, 2008 మధ్య పుట్టాయి. ఇప్పటికీ చాలా శాఖల్లో పాఠం చెప్పే రెగ్యులర్ మనిషి కోసం వెతుక్కుంటున్నాయి. పుట్టిన బిడ్డలకు పాలు పట్టకుండా మరో బారసాల చేస్తారా? బాసర ట్రిపుల్ ఐటీలో 2022 జూన్‌లో పిల్లలు ఎండలో, వానలో గేటు దగ్గర కూర్చుని అడిగిన కోరికల్లో అధ్యాపకులను నియమించాలన్నది ఒకటి. పదహారేళ్ల పిల్లలకు అర్థమైన సంగతి ఇది.

ప్రభుత్వం తక్షణం చేయవలసిన పనులకు కొత్త చట్టం అక్కర్లేదు. ప్రతి విశ్వవిద్యాలయం శాఖలవారీగా మంజూరైన పోస్టులు, పనిచేస్తున్నవారు, రోస్టర్ పాయింట్లు ఒకే పట్టికలో ప్రకటించాలి. బోధనేతర పోస్టులకు కూడా అదే పద్ధతి. బ్లాక్ గ్రాంటులో పింఛన్లను వేరు చేయాలి. పెద్దల పింఛను కడుపు నింపడానికి పిల్లల జీతాల పద్దు ఖాళీ కావడం ఎవరికీ గౌరవం కాదు. జేఆర్‌ఎఫ్ లేని స్కాలర్లకు రాష్ట్రం సొంతంగా ఫెలోషిప్ పెట్టాలి. వైస్ చాన్స్‌లర్ దిగిపోవడానికి ఆరు నెలల ముందే సెర్చ్ కమిటీ వేయాలి. ప్రతి నోటిఫికేషన్‌కు ముగింపు తేదీ ఉండాలి, ఆ తేదీ దాటితే ఎవరు కారణమో శాసనసభలో చెప్పాలి.

కనకమామిడి నుంచి బస్సెక్కే ఆ పిల్ల ఇప్పుడు ఎంఎస్సీ రెండో సెమిస్టర్‌లో ఉందనుకుందాం. ఆమె చదువు ముగియడానికి ఇంకా ఏడాది ఉంది. పైన చెప్పిన పట్టికను శాఖ నోటీసు బోర్డు మీద అంటించడానికి ఒక్క వారం చాలు.